రొయ్యల రైతు అడిగిన లెక్క

రెండు కాలేజీల పాంప్లెట్లు చేత్తో పట్టుకుని రంగరాజు తెల్లారినప్పటి నుంచి అరుగు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. ఇంటర్‌కి కూతుర్ని ఎక్కడ చేర్చాలో తేలడం లేదు.

"ఐఐటీ సీట్లు వాళ్ళకి నూట పదేనండి రాజుగారూ. మాకు నూట ఎనభయ్యండి," అన్నాడు అప్లికేషన్ చాపుతూ, అడ్మిషన్ల కోసం ఇంటికొచ్చిన ఆ రెండిట్లో ఒక కాలేజీ పీఆర్వో మణిశంకర్.

"ఏ హేచరీ రొయ్యపిల్లయినా చెరువులో ఎంత వేశాం, ఎంత బతికిందనే చూస్తాం బాబూ. ఇంతకీ మీరు చేర్చుకున్నది ఎంతమందిని?"

"తొమ్మిది వేలండి."

రంగరాజు నడక ఆగింది. "మరి మిగతావాళ్ళంతా ఏమయ్యారు?"

మణిశంకర్ టై సర్దుకున్నాడు.

"వాళ్ళలో ఒకడు మీ ఎదురుగానే ఉన్నాడండి," అన్నాడు. చాపిన అప్లికేషన్ మాత్రం వెనక్కి తీసుకోలేదు.