మంగళవారం మనిషి

"నిజం చెప్పండి. మళ్ళీ గంజాయి తాగుతున్నారు కదూ?"

లిఫ్టు మెకానిక్ తల అడ్డంగా ఊపాడు.

"లేదు మేడమ్. మానేశాను."

డాక్టర్ రక్తపరీక్ష కాగితాన్ని అతని వైపు తిప్పింది.

"మన మెదడే గంజాయిలాంటి పదార్థం ఒకటి సొంతంగా తయారుచేసుకుంటుంది. మనసుకి నెమ్మదినిచ్చేది అదే. బయటి సరుకు వాడేకొద్దీ లోపలి తయారీ తగ్గిపోతుంది. మానేస్తే మెల్లగా పెరగాలి. మా అధ్యయనంలో మిగతా ఇరవై మూడుమందికీ పెరిగింది. మూడు నెలలైనా మీకు పెరగలేదు. ఏమనుకోవాలి?"

"నాకు తెలీదు మేడమ్. నిద్ర పట్టట్లేదు. అన్నం సయించట్లేదు. కానీ తాగట్లేదు."

అందరూ చెప్పే మాటే, అనుకుంది ఆమె. పరీక్షకని అతని జుట్టు కొంచెం కత్తిరించి కవర్లో వేసింది.

"ఈ మూడు నెలల్లో తాగారో లేదో జుట్టులో తెలిసిపోతుంది. ఫలితం రావడానికి నెల పడుతుంది. ఈలోగా మీ పేరు తీసేస్తున్నాను. వచ్చే మంగళవారం నుంచి రానక్కర్లేదు."

అతను లేచాడు గానీ కదల్లేదు.

"రక్తం తీయకపోయినా పర్లేదు. ఊరికే వచ్చి కూర్చోవచ్చా? రోజంతా లిఫ్టు గోతిలో పని. జనాన్ని పైకీ కిందికీ పంపడమేగానీ, నా అంతస్తులో ఎవరూ దిగరు."

నవ్వబోయి ఊరుకున్నాడు.

"ఇది ఆస్పత్రండీ. కాలక్షేపానికి కాదు."

"సరే మేడమ్."

తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళాడు.

నెల తర్వాత ఫలితం వచ్చింది. చదివిన వెంటనే ఆమె ఫోన్ చేసింది. నంబరు పనిచేయట్లేదు. సాయంత్రం అతని కంపెనీకి వెళ్ళింది.

"అతనా? పని మానేసి పది రోజులైంది," అన్నాడు సూపర్‌వైజర్. "ఎక్కడికి వెళ్ళాడో తెలీదు. అయినవాళ్ళంటూ ఎవరూ లేరు."

"మీతో ఏమీ చెప్పలేదా?"

"తన గొడవేదో తనది. మంగళవారం మాత్రం సెలవు పెట్టేవాడు. మీరు రావద్దన్నారటగా? ఆ తర్వాత కూడా పెట్టాడు. ఎక్కడికయ్యా అంటే, 'ఆస్పత్రి ఎదురుగా బస్‌స్టాప్‌లో కూర్చుని వస్తా, అక్కడైతే తాగబుద్ధి కాదు' అన్నాడు. మళ్ళీ మొదలెట్టాడేమో, పాపం."

చేతిలోని కాగితం మడత ఆమె విప్పలేదు.

"లేదండీ," అంది. "నా దగ్గరికి వచ్చిన ఆ మూడు నెలల్లో ఒక్కసారి కూడా తాగలేదు."

"మరింకేం, మంచి మాటేగా?"



మిగతా ఇరవై మూడుమందినీ వాళ్ళ మెదడే చేయిపట్టి నడిపించింది. లోపలినుంచి ఆ కాస్త నెమ్మది కూడా అందని ఆ ఒక్కడు మాత్రం, ఎవరూ నమ్మకపోయినా, పంటి బిగువున మానేశాడు.