గడప దించిన పొద్దు

పసుపు పూసిన కొత్త గడపకు కొట్టుకుని బండి ముందు చక్రం ఆగిపోయింది.

చేతులతో తిప్పే మూడు చక్రాల బండి. దాని మీద బాలనర్సమ్మ. చిన్ననాటి పోలియో కాళ్లను తీసుకుపోయింది గానీ, నోటి జోలికి పోలేదు. ఆ నోరు చూసే వార్డు మెంబరుగా గెలిపించారు.

పంచాయతీ ఆఫీసుకు ర్యాంపు కట్టడం ఇది మొదటిసారి కాదు.

మొదట కట్టింది చెరువు కట్టంత నిటారు. సగం ఎక్కాక బండి ఆమెను వెనక్కి తెచ్చి రోడ్డు మీద పారేసింది.

కూలగొట్టించింది.

తర్వాతది వాలుగానే వచ్చింది. మేస్త్రీ గుర్వయ్య ముచ్చటపడి దాన్ని అద్దంలా నున్నగా చేశాడు. వాన పడ్డ రోజు జర్రున జారింది.

గీతలు కొట్టించింది.

ఇప్పుడు పైదాకా సాఫీగా వచ్చింది. వచ్చి చూస్తే, కొత్త తలుపుతో పాటు బెత్తెడు ఎత్తు రాతి గడప. బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మరీ నిలబెట్టారు.

"ఏంది మల్లప్పన్నా ఇది?"

"కడప లేని జాగల లక్ష్మి నిలుస్తదా చెల్లె?" అన్నాడు సర్పంచ్ మల్లప్ప.

"నల్లా పన్నే వసూలు గాకపాయె. ఏ లక్ష్మి ఉరికిపోతదని అడ్డం పెట్టినవే?"

వెనక నిలబడ్డ మెంబర్లు కిసుక్కున నవ్వారు.

"సరే తీ. నలుగురం పట్టి లోపల కూసోవెడ్తం."

"ఎత్తుకపోతే పెండ్లిపిల్ల లెక్కుంటది గని, మెంబరు లెక్కుంటదా?"

ఇన్నాళ్లూ ఆమె మెట్ల కిందే ఉండేది. లోపలి మాటలు లోపలే అయిపోయేవి. సంతకానికి మాత్రం కాగితం బయటికొచ్చేది.

మంచినీళ్ల పైపు రెండుసార్లు ఊరంతా తిరిగి, రెండుసార్లూ ఆమె వాడ మలుపు దగ్గరే ఆగిపోయింది. బోరు నీళ్లకు ఆ వాడ పిల్లలకు కొత్త పళ్లు గారపట్టే మొలుస్తున్నాయి.

ఈ పొద్దు మీటింగులో మళ్లీ పైపు మాటే.

బాలనర్సమ్మ బండిని అడ్డం తిప్పింది. వాకిలి నిండా బండే.

బ్రేకు వేసింది.

"గిదేంది చెల్లె?"

"ఏం లేదన్నా. నేను లోపలికి పోయిందాంక ఎవ్వలు పోవద్దు."

ఎండ వరండాలోకి పాకింది. మెంబర్లు తువ్వాళ్లు నెత్తిన వేసుకున్నారు.

"బయటనే కానిద్దమా మీటింగు?" అన్నాడు కార్యదర్శి దశరథ్.

"కానియ్యిండ్రి సార్," అందామె. "కుర్సీలు లోపలున్నయ్."

మల్లప్ప గుర్వయ్యను పిలిపించాడు. అతను గడ్డపార, తాపీ పట్టుకుని వచ్చాడు గానీ, గడపను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"పూజ చేసిన రాయి. పలగ్గొడితె నా చేతులు పడిపోతయ్."

"పలగ్గొట్టమన్ననా? దించమంటున్న," అంది బాలనర్సమ్మ. "నేలకు సమానంగ పాతు. పసుపు గట్లనే ఉంటది, బొట్లు గట్లనే ఉంటయ్. లక్ష్మికి గుర్తు గావాలె గని, ఎత్తెందుకే?"

గుర్వయ్య మల్లప్పను చూశాడు. మల్లప్ప గడపను చూశాడు. మెడ తుడుచుకున్నాడు.

"దించు."

ఆమె బండిని బారెడు వెనక్కి జరిపింది. అంతకు మించి జరపలేదు.

రాయి లేచింది. కింద మట్టి తవ్వారు. రాయి మళ్లీ దిగింది. గుర్వయ్య తాపీతో చుట్టూ సిమెంటు మెత్తి, రాయి మీద అరచేయి ఆనించి, నేల దాకా జరిపి చూసుకున్నాడు. ఎక్కడా తగల్లేదు.

చక్రం దొర్లింది. పసుపు అంటుకుంది. బండి బల్ల దగ్గరికి పోయి ఆగింది.

"పైపు ఈసారి మా వాడ సంది మొదలుగావాలె," అంది.

మల్లప్ప "తర్వాత సూద్దాం" అనబోయాడు. తలెత్తితే ఎదురుగా ఆమె. ఎటు చూసినా ఆమె.

"రాసుకో దశరథూ," అన్నాడు. మెంబర్లు చేతులెత్తారు.

చాయ్‌లు వచ్చాయి. మల్లప్పకు ప్రాణం లేచొచ్చింది.

"ఇగ ఖుషేనా చెల్లె? నీ ర్యాంపు పంచాది ఒడిసినట్టేనా?"

ఆమె అతన్ని చూడటం లేదు. వాకిలి వైపు చూస్తోంది.

పింఛను సంగతి అడగడానికి కురుమయ్య తాత వచ్చాడు. చూపు లేని మనిషి. ర్యాంపు మొదట్లో కర్ర ఆనించి నిలబడ్డాడు. రెండో చెయ్యి పక్కన గాలిలో తడుముతోంది. పట్టుకోవడానికి అక్కడేమీ లేదు.

"గుర్వయ్యన్నా," అని కేకేసింది బాలనర్సమ్మ, "తాపీ అప్పుడే కడుగకు."