ఇంట్లో ఒకరు పొగ తాగుతున్నారు

ఊళ్ళో అందరి ఇళ్ళకీ ఊపిరి పరీక్షించి జబ్బు చెప్పే గోడలు వచ్చిన ఏడాదే నూకాలమ్మకి ఉబ్బసం మొదలైంది.

"ఇంట్లో ఒకరు పొగ తాగుతున్నారు. ఉబ్బసం దానివల్లే వచ్చి ఉండొచ్చు," అంది గోడ.

నూకాలమ్మ కొడుకు మీద విరుచుకుపడింది. "ఎప్పట్నించిరా సింహాద్రీ నీకీ పాడలవాటు?"

"నాకేటీ తెల్దమ్మా," అంటూ అతను గోడకున్న చిల్లుల దగ్గర ఊదాడు. శుభ్రంగా ఉందంది గోడ. కోడలు ఎర్నమ్మ చేతిలో గరిటెతోనే వచ్చి ఊదింది. అదీ శుభ్రమే.

"మరింకెవరు?" నూకాలమ్మకి ఏమీ పాలుపోలేదు. అలవాటుగా చుట్ట వెలిగించి, నిప్పు కొసని లోపలికి తిప్పి నోట్లో పెట్టుకుంది.

"అత్తా, మరి ఈ చుట్ట..." అని నసిగింది ఎర్నమ్మ.

"ఇది పొగ తాగడమేటే? పంటినొప్పికి మా అమ్మా కాల్చింది, మా అమ్మమ్మా కాల్చింది. పొగ తాగేది మగోళ్ళు!"

"ఓసారి నువ్వూ ఊదత్తా."

రోగమొచ్చినదాన్ని నన్ను ఊదమంటావేటని గొణుక్కుంటూ నూకాలమ్మ చుట్ట తీసింది. గొంతులో పిల్లికూతలు ఆగకపోయినా, ఓపిక తెచ్చుకుని ఊదింది.

"పొగ తాగే మనిషి దొరికారు," అంది గోడ.

ఎవడొచ్చాడా అని నూకాలమ్మ చప్పున వెనక్కి తిరిగి చూసింది.