ఏడో ముక్క

వాన దంచికొడుతోంది. డాబా మీద ఎడ్మండ్ సార్ గొడుగు తిరగేసి పట్టుకుని, అందులో నిండిన నీళ్లను గ్లాసుతో కొలుస్తున్నాడు.

మన్సూరాబాద్‌లో యాదలక్ష్మి ఇంటి పైపోర్షన్‌లో కిరాయికి దిగిన ఇంగ్లండ్ ముసలాయన. తెలుగు నేర్చుకుంటున్నాడు. ఏం పని చేస్తారని అడిగితే నవ్వి ఊరుకుంటాడు.

"ఏంది సార్, పిచ్చోని లెక్క!" నెత్తి కొట్టుకుంది యాదలక్ష్మి.

"థ్యాంక్యూ అమ్మా!" మురిసిపోయాడాయన.

తిడితే మురిసే మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు.

ఆమె బెంగంతా కూతురు జ్యోతిక మీదే. ఇంటర్ మ్యాథ్స్‌లో తప్పింది. సప్లిమెంటరీ కూడా పోతే చదువే మానేస్తానని మొండికేసింది.

ఆ సాయంత్రం యాదలక్ష్మి గుండ్రంగా సర్వపిండి రొట్టె కాల్చి పళ్లెంలో పెట్టింది. ఎడ్మండ్ సార్ చాకు అందుకున్నాడు.

"మూడే కోతలు. ఎన్ని ముక్కలు, జ్యోతికా?"

"ఆరు."

మూడు గీతలూ ఒకేచోట కలవకుండా కోశాడాయన. నడుమ బుల్లి ముక్క ఒకటి ఎక్కువ తేలింది. ఏడు! ఆ ఏడోది యాదలక్ష్మి చేతిలో పెట్టాడు.

"నాలుగు కోతలకు?"

జ్యోతిక చాకు లాక్కుంది. రొట్టె నుజ్జయింది. పిల్ల పగలబడి నవ్వింది.

రోజూ ఇదే వరస. పుస్తకం మాత్రం తెరవదు. యాదలక్ష్మికి ఒళ్లు మండింది.

"ఇట్లయితే పిల్ల పాసయినట్టే! జర వేరే ఇల్లు చూస్కోండ్రి సార్."

ఆయన మర్నాడే ఖాళీ చేశాడు.

జ్యోతిక పాసైంది. అదీ మామూలు మార్కులతో కాదు!

"పేపర్ల ప్రతి ప్రశ్నా సర్వపిండి లెక్కనే కనవడ్డది మమ్మీ!"

ఏడాది తిరిగాక, డిగ్రీ పుస్తకాలకని తల్లీకూతుళ్లు దిల్‌సుఖ్‌నగర్ వెళ్లారు. షాపులో ఓ లావుపాటి ఇంగ్లీషు పుస్తకం అట్ట మీద తిరగేసిన గొడుగు, దాని కింద ఎడ్మండ్ సార్ ఫొటో!

"గీయన మా ఇంట్ల కిరాయికున్నడు!" అరిచింది యాదలక్ష్మి.

షాపు యజమాని బాపిరాజు లేచి నిలబడ్డాడు. "నిజమాండీ? లెక్కల్లో మహా మేధావండీ ఆయన! ఆయన పుస్తకాలు దేశదేశాల్లో చదువుతారు. చూడండి, కొత్త పుస్తకానికి తెలుగు పేరు పెట్టుకున్నారు!"

అట్ట మీద పెద్ద అక్షరాలు: పిచ్చోని లెక్క.

"అయ్యో, నేనే ఎల్లగొట్టిన గదనే!" యాదలక్ష్మి కళ్లు చెమర్చాయి.

జ్యోతికకు నవ్వు ఆగడం లేదు. "లెక్కంటే ఆయనకు మ్యాథ్స్ ఒక్కటే తెలుసు మమ్మీ. నువ్వు మెచ్చుకున్నవనుకున్నడు!"

మొదటి పేజీలో అంకితం కూడా తెలుగులోనే ఉంది. యాదలక్ష్మి కూడబలుక్కుని చదివింది:

"నా లెక్కలకు ఇంత చక్కని పేరు పెట్టిన యాదలక్ష్మమ్మకు. ఏడో ముక్క ఎప్పటికీ ఆమెదే."