నారింజ బీరుకు మార్కులు

అల్లుడు నారింజ తొక్క వేసి తయారుచేసిన పేల్ ఏల్ రకం బీరు తొలి గ్లాసును అత్తగారి ముందు పెట్టాడు. ముప్పై ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి ఆవిడ. ఆవిడ పదికి కనీసం ఐదు వేస్తే తప్ప ఏ పీపా కూడా అతని కొట్టులో అమ్మకానికి పోదు.

ఆవిడ వాసన చూసింది. ఒక గుటక వేసి కళ్లు మూసుకుంది.

"నారింజ రుచి తెలుస్తోందా అత్తయ్యా?"

"ఒక్క గుటకకే ఏం తెలుస్తుంది? నిండా పొయ్యి."

మూడో గ్లాసు ఖాళీ చేశాక పెదాల మీది నురగ తుడుచుకుని, "చేదెక్కువైంది. రెండు మార్కులు" అంది.

నెల రోజుల కష్టం. అల్లుడి మొహం వాడిపోయింది. "సరే, మొత్తం కాలవలో పారబోసేస్తాను."

అత్తగారు ఒక్క ఉదుటున లేచి పీపాకి అడ్డంగా నిలబడింది.

"పారబోస్తావా! మతిగానీ పోయిందా? ఇంతకుముందు ఫెయిలైన మూడు పీపాలూ మా ఇంటికి పంపావు కదా, ఇదీ పంపించు."

"ఇంతకీ వాటినేం చేశారు?"

"అయిపోయాయి నాయనా. లేకపోతే దీనికి ఎనిమిదైనా వేసేదాన్ని."