జియాడింగ్‌లో వారం రోజులు

“గుడి ముందు రాతి సింహాలు ఎన్నున్నాయో లెక్కపెట్టారా?” ఫణికుమార్ ప్లేట్లో కూరగాయల నూడుల్స్ వడ్డిస్తూ అడిగింది మేలిన్.

ఫణికి పొలమారింది. షాంఘై పక్కనున్న జియాడింగ్‌కి ఆఫీస్ పని మీద వెళ్లొచ్చానని ఇంట్లో చెప్పాడు. పక్కింట్లో కొత్తగా దిగిన చైనా దంపతులది అదే ఊరని, ఇలా భోజనానికి వచ్చి ఇరుక్కున్నాకే తెలిసింది.

నిజానికి ఉద్యోగం ఊడి నెలయింది. ఇంకోటి దొరక్కపోతే వీసా కూడా పోతుంది. భార్య లలితకి చెప్పే ధైర్యం లేదు. చైనా పేరు చెప్పి వారమంతా పక్క ఊళ్లో మోటెల్‌లో పడుకున్నాడు. పగలు అక్కడి లైబ్రరీ కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగాలు వెతికాడు. లలిత అడిగితే చెప్పడానికని జియాడింగ్ గురించి కూడా ఓ పేజీ చదువుకున్నాడు, బుద్ధిమంతుడు.

“డెబ్భై రెండు. ఎనిమిది వందల ఏళ్లనాటి కన్ఫ్యూషియస్ గుడి కదా. ఒక్కో సింహం ఒక్కో తీరు.”

మేలిన్ మొహం విప్పారింది. “మా ఇల్లు ఆ వీధిలోనే.”

“ఒక్క ఫోటో తేలేదండీ ఈయన,” అంది లలిత.

“కెమెరాలో చార్జింగ్ అయిపోయింది.”

“వారం రోజులూనా?”

“ఎప్పుడు వెళ్లారు?” అంది మేలిన్.

“మార్చి మొదటి వారం,” అంది లలిత.

“అప్పుడు మా ఆయన షెన్ కూడా అక్కడే ఉన్నాడు, ఆఫీస్ పని మీద.”

అందరూ షెన్ వైపు చూశారు. ఇక అయిపోయింది అనుకున్నాడు ఫణి.

షెన్ నోట్లోది నమిలి మింగాడు. “ఈయన్ని ఎక్కడో చూశానని ఇందాకటి నుంచీ అనుకుంటున్నాను. అక్కడ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని డంప్లింగ్స్ తిన్నాం.”

“వాటిలో ఏముంటుంది?” అంది లలిత.

“పంది మాంసం,” అంది మేలిన్.

లలిత మొగుడి వైపు తిరిగింది. గుడ్డు కూడా ముట్టని ఫణి, “బాగున్నాయి,” అన్నాడు.

ఆ తర్వాత ఫణి నూడుల్స్ కెలుకుతూ ఆలోచనలో పడ్డాడు. షెన్ నిజంగా అక్కడ ఉండుంటే, తను లేనని తెలిసే ఉంటుంది. మరెందుకు కాపాడినట్టు? ఉద్యోగం పోయిన రోజు కూడా ఇంత భయం వేయలేదు.

గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటుంటే షెన్ పక్కన వంగాడు.

“శుక్రవారం మా ఊరి పేజీ మూసెయ్యకుండా లేచి వెళ్లిపోయారు,” అన్నాడు మెల్లగా. “నేనే మూశాను. లైబ్రరీలో వారమంతా మీ వెనక కంప్యూటర్ దగ్గర కూర్చున్నది నేనే.”