గడప దాటని బోణీ

ఇంటి లోపల కాదు, వెలుపల కాదు. పగలు కాదు, రేయి కాదు. సంధ్యవేళ గడప మీద కూర్చుండి ధర్మాన్ని నిలిపిన పెంచలకోన నరసింహస్వామికి నమస్కరించి, ఆత్మకూరులోని ఒక గడప కథ చెబుతున్నాను.

"నాలుగున్నర అయింది. ఒక్క కాలు లోపల పడలే. ఏంది మే నీ యాపారం?" అన్నది ఆదిశేషమ్మ.

కోడలు రజిని కొత్త చాప మీద పరచిన సరుకును మూడోసారి సర్దింది. ఉదయగిరి పనివారు చెక్కిన కొయ్య గరిటెలు, చెంచాలు, దువ్వెనలు. ఒక్కొక్క పిడి మీద ఒక్కొక్క పువ్వు.

పొద్దస్తమానం నిలబడే బట్టలకొట్టు పని మానేసి రజిని ఈ సరుకు తెచ్చింది. ఇంట్లోనే అమ్ముతానన్నది. అత్త ఒక్క షరతు పెట్టింది.

"తొలినాడు బోణీ అయితే సరే. కాకుంటే మర్నాడు పొద్దున బస్సుకు సరుకు ఉదయగిరికి, నువ్వు కొట్టుకి."

ముహూర్తం నారాయణయ్య సిద్ధాంతిగారు పెట్టారు. మూఢమూ ఆషాఢమూ కలిసి రెండున్నర నెలలు మంచిరోజన్నదే లేదు. శ్రావణంలో తొలి శుభఘడియ గురువారం సాయంత్రం, నాలుగు మొదలు ఆరున్నర వరకు. ఆయన చెప్పిన నియమాలు రెండు. దిష్టి తగలకుండా ఆనాటి వరకు వ్యాపారం మాట పెదవి దాటరాదు. బోణీ అయ్యేవరకు అమ్మే మనిషి గడప దాటరాదు.

అందుకే రజిని పేరంటమని పిలిపించింది. పసుపు కుంకుమలకు రమ్మంటే రానివారుండరు. వచ్చినవారు గరిటె చూడక పోరు. అత్త ఇరవై ఇళ్లకు తిరిగి బొట్టు పెట్టి వచ్చింది. శ్రావణమాసం గనుక రజినికీ అదే సాయంత్రానికి అయిదారు పిలుపులు వచ్చాయి. బోణీ కాగానే పోవచ్చులే అనుకొన్నది.

అయిదు కావచ్చింది. వచ్చేవారు కూర్చోవడానికి పరచిన రెండు చాపల్లో ఒకదాన్ని రజిని చుట్టేసింది. గది కొంచెం నిండినట్టు కనిపించింది. తరువాత ఇంట్లో ఉన్న చెప్పుల జతలన్నీ తెచ్చి గుమ్మం ముందు వరుసగా పెట్టింది. వీధిన పోయేవారు చూసి, లోపల జనం ఉన్నారనుకొని వస్తారని ఆశ.

మేకలను దొడ్డికి తోలి వెంగమ్మవ్వ ఒక్కతే వచ్చింది.

"ఆరు జతల చెప్పులుండాయి, మనుషులేరీ? గాల్లో కూర్చోనుండారా?"

"వస్తారవ్వా. ముందు నువ్వు ఈ గరిటె చూడు. చెయ్యి కాలదు, గిన్నె గీరదు."

వెంగమ్మ గరిటెను అటూ ఇటూ తిప్పింది. "దీంతో మా ముసలాయన్ను కొడితే విరగదు గదా?"

"విరగదు."

"అయితే ఆయనకు చెప్పి బెదిరిస్తాలే. మా అత్త నాటి గరిటె ఇంకా గట్టిగానే ఉండాది. అది విరిగినప్పుడొస్తా."

శనగలు కొంగున కట్టుకొని, తాంబూలం తీసుకొని, ఆమె వెళ్లిపోయింది.

రజిని వెనక వీధిలోని సరళకు ఫోన్ చేసింది.

"ఎప్పుడొస్తావు సరళా?"

"నువ్వే ముందు మా ఇంటికి రా అక్కా. నీకోసమే చూస్తా ఉండాను."

"నేనిప్పుడు కదిలేదానికి లేదు మే."

"నాకూ తెమలలేదక్కా. నువ్వొచ్చి పో, నీ ఎనకాలే నేనొస్తా."

పేరంటానికి పిలిచిన ప్రేమలతకు చేసింది. అక్కడా అదే మాట. "నువ్వు రాందే నేనెట్టొచ్చేది వదినా?"

రజిని ఫోన్ చాప మీద పడేసింది. "పిలిచినదాన్నే పిలుస్తా ఉండారత్తా! ఎంత గీర!"

"నువ్వు పోలేదని వాళ్లకు కోపం, వాళ్లు రాలేదని నీకు కోపం. మర్యాదలు బాగానే ఉండాయి" అన్నది ఆదిశేషమ్మ. కోడలి కళ్లు చూశాక ఆమె గొంతు తగ్గింది. "పోనీ, నేనే ఒకటి కొంటానియ్యి."

"ఇంట్లోవాళ్ల బోణీ చెల్లదత్తా."

ఆరు గంటలకు సిద్ధాంతిగారు గొడుగుతో వచ్చారు. గుమ్మం ముందు చెప్పులు చూసి, "ఇక్కడా సభ బాగానే ఉన్నట్టుందే!" అంటూ లోపలికి వచ్చి, ఖాళీ చాప చూసి గొడుగు ముడిచారు.

రజిని శనగలు పెట్టబోయింది.

"వద్దమ్మా. నాలుగింటి నుంచి ఇంటింటా ఇవే. ఇక చోటు లేదు."

"సామీ, ముహూర్తం సరిగ్గానే చూసినారా?"

"సందేహమా తల్లీ! గురుడు లాభస్థానంలో ఉన్నాడు. కొత్త వ్యాపారానికి ఈ నెలలో ఇంతకు మించిన ఘడియ మరొకటి లేదు."

"అయితే మీ చేత్తో ఒక్క గరిటె తీసుకోండి సామీ. బోణీ అయిపోతుంది."

ఆయన రెండు చెవులూ మూసుకొన్నారు. "ముహూర్తం పెట్టిన చేయి బోణీ చేయరాదు. శాస్త్రం ఒప్పదు. ఇంకా అరగంట ఉంది. ఎవరో ఒకరు రాక మానరు. నీవు మాత్రం గడప దాటకు."

అక్షతలు చల్లి, తాంబూలం సంచిలో వేసుకొని ఆయన బయలుదేరారు. రజిని గడప లోపలే నిలబడి, సందు మలుపు తిరిగేదాకా ఆ గొడుగును చూసింది.

సిద్ధాంతిగారు వెనక వీధిలో, అదే వ్యాపార ముహూర్తం తాము పెట్టిన ఆరో ఇంటి ముందు, ఎవరూ విడువని ఎనిమిది జతల చెప్పులు దాటుకొని లోపలికి వెళ్లగా, చాప నిండా చీరలు పరుచుకొని, బోణీ కాక గడప దాటలేక, రజిని కోసం ఎదురుచూస్తున్న సరళ లేచి నమస్కరించింది.

ఈ కథ విన్నవారికీ, వినిపించినవారికీ, గడపకు ఇరువైపులా నిలిచినవారికీ ఆ కోన స్వామి మేలు చేయుగాక.